కాపలాదారుడికీ వాటా ఉన్నప్పుడు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దలు చాలామంది న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే విమానాశ్రయంలో దిగుతారు. అక్కడికి కొద్ది నిమిషాల దూరంలో, అదే క్వీన్స్ ప్రాంతంలో, ఆక్విడక్ట్ అనే గుర్రపు పందేల మైదానం ఉంది. 2011 నవంబరు ఆఖరు నుంచి 2012 మార్చి మధ్య వరకు, నాలుగు నెలలైనా నిండకముందే, ఆ మైదానంలో 21 గుర్రాలు పందేల్లో ప్రాణాలు కోల్పోయాయి. పత్రికలు గోల చేశాయి. గవర్నరు కమిటీ వేశాడు. ఆ ఏడాది ముగిసేలోగా పందేలు నడిపే సంస్థ పగ్గాలను ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంది.

క్రైస్తవ వారపత్రికకు గుర్రపు పందేలతో ఏం పని అని కొందరు పాఠకులు అడగవచ్చు. జూదం మంచిది కాదని సంఘంలో చెబుతూనే ఉన్నాం, అంతకు మించి రాయడానికి ఏముంది అనవచ్చు. జూదం తప్పా ఒప్పా అన్నది ఈ వారం మా ప్రశ్న కాదు. చెడిపోయిన సంస్థను బాగుచేస్తామని ప్రభుత్వం ముందుకు వచ్చినప్పుడు, ఆ సంస్థ ఆదాయంలో ఆ ప్రభుత్వానికే వాటా ఉంటే బాగుచేయడం ఎంతవరకు సాగుతుంది? ఈ ప్రశ్నకు న్యూయార్క్ అనుభవం కంటే స్పష్టమైన ఉదాహరణ మాకు కనబడలేదు. ఆ ప్రశ్న మన రాష్ట్రాలకూ, నిజం చెప్పాలంటే మన సంఘాలకూ, దూరమైనది కాదు.

ముందు ఆ సంస్థ సంగతి. పేరు న్యూయార్క్ రేసింగ్ అసోసియేషన్. 1955లో లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడింది. ఆక్విడక్ట్, బెల్‌మాంట్ పార్క్, సారటోగా అనే మూడు ప్రసిద్ధ మైదానాలను అదే నడుపుతోంది. వీటిలో సారటోగాలో 1863 నుంచి పందేలు జరుగుతున్నాయి. అమెరికాలో పేరుమోసిన మూడు పెద్ద పందేల్లో చివరిదైన బెల్‌మాంట్ స్టేక్స్ 1867లో మొదలైంది. ఇంత చరిత్ర, ఇంత పరువు ఉన్న సంస్థ.

అక్కడ డబ్బు నడిచే పద్ధతి తెలిస్తే మిగతా కథ తేలికగా అర్థమవుతుంది. పందెం కాసినవాళ్ల సొమ్మంతా ఒక కుప్పగా పోస్తారు. అందులోంచి ముందుగా కొంత శాతం కోత తీస్తారు. మిగిలినదాన్ని గెలిచినవాళ్లు పంచుకుంటారు. ఆ కోతలోంచే సంస్థ ఖర్చులు, గెలిచిన గుర్రాల యజమానులకు బహుమతి సొమ్ము, రాష్ట్ర ఖజానాకు వాటా వెళతాయి. ఏ గుర్రం గెలిచినా, ఎవరు ఓడినా, కోత మాత్రం ఆగదు. అంటే మొదటి రోజు నుంచే ప్రభుత్వం ఆ ఆటకు బయట నిలబడిన పెద్దమనిషి కాదు, లోపలి భాగస్వామి.

1971లో అది ఇంకో అడుగు వేసింది. మైదానానికి వెళ్లకుండానే వీధిలోని దుకాణంలో పందెం కాసే ఏర్పాటును న్యూయార్క్ నగరమే ప్రభుత్వ సంస్థగా మొదలుపెట్టింది. దొంగ బుకీలను అరికట్టి, ఆ డబ్బు ప్రజల ఖజానాకు తెస్తామన్నారు. జనం మైదానాలకు రావడం తగ్గిపోయింది. చివరికి ఆ దుకాణాలు కూడా నిలదొక్కుకోలేక 2010 డిసెంబరులో మూతపడ్డాయి. పందేలు నడిపే వ్యాపారంలోనూ ప్రభుత్వం నష్టపోగలదని అప్పుడు తెలిసింది.

ఇక సంస్థ తప్పులకు కొదవ లేదు. పందెం డబ్బు తీసుకునే కౌంటర్లలోని గుమాస్తాలు కొందరు గల్లాపెట్టె సొమ్మును ఏళ్ల తరబడి వాడుకుంటూ, దాన్ని లెక్కలో తేడాగా చూపి పన్ను ఎగవేస్తున్నా సంస్థ చూసీచూడనట్టు ఊరుకుందని 2003లో తేలింది. రాష్ట్ర అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ ఘాటైన నివేదిక ఇచ్చాడు. ఆ డిసెంబరులో కేంద్ర ప్రాసిక్యూటర్లు సంస్థ మీదే అభియోగం మోపారు. సంస్థ తప్పు ఒప్పుకుని 30 లక్షల డాలర్ల జరిమానా కట్టి, కోర్టు నియమించిన పర్యవేక్షకుల కింద పనిచేసి బయటపడింది. 2006 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఇన్ని జరిగాక ఇలాంటి సంస్థకు తలుపులు మూసుకుపోతాయనుకుంటాం. 2008లో శాసనసభ ఏం చేసిందంటే, మైదానాల భూమి మీద హక్కు వదులుకున్నందుకు సంస్థకు అప్పులు తీర్చి, 10 కోట్ల 50 లక్షల డాలర్లు ఇచ్చి, ఇంకో 25 ఏళ్లు, అంటే 2033 వరకు పందేలు నడుపుకొమ్మని అనుమతి రాసిచ్చింది. 2010లో మళ్లీ చేతులు ఖాళీ అయితే రెండున్నర కోట్ల డాలర్లు అప్పు ఇచ్చింది.

దీన్ని దయ అనుకోవద్దు. సంస్థ మూతపడితే ఖజానాకు వచ్చేది ఆగిపోతుంది, గుర్రాల పెంపకం మీద బతికే పల్లె ప్రాంతాల ఓట్లు చెదిరిపోతాయి, సారటోగా పట్టణానికి వేసవి ఉండదు. అందుకే ప్రతిసారీ కోపంగా మొదలైన విచారణ అప్పు పత్రం మీద సంతకంతో ముగిసింది.

అసలు విషాదానికి మాత్రం బీజం వేరే చోట పడింది. పందేల మైదానాల్లో జూద యంత్రాలు పెట్టుకోవడానికి 2001లోనే చట్టం చేశారు. ఆక్విడక్ట్‌లో ఆ కాంట్రాక్టు ఎవరికివ్వాలన్న దాని మీద నాయకుల మధ్య ఏళ్ల తరబడి లాగులాట నడిచింది. 2010లో ఒక కంపెనీని ఎంపిక చేసి, గొడవ కావడంతో రద్దు చేశారు. ఆ ఎంపిక జరిగిన తీరును రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ జనరల్ అదే ఏడాది నివేదికలో తీవ్రంగా తప్పుపట్టాడు. అందులో మరకలు పడింది గుర్రాల వాళ్ల మీద కాదు, సెనేట్ నాయకుల మీద. చివరికి 2011 అక్టోబరులో వేరే కంపెనీ చేతుల మీదుగా యంత్రాలు మోగడం మొదలైంది. ఆదాయంలో పెద్ద భాగం రాష్ట్ర విద్యా నిధికి, కొంత భాగం రేసింగ్ సంస్థకు, పందేల బహుమతులకు అని ఒప్పందం. బడి పిల్లల పేరు చెబితే ఏ సొమ్మైనా పవిత్రమవుతుందని రాజకీయ నాయకులు ఏ దేశంలోనైనా నమ్ముతారు కాబోలు!

ఆ యంత్రాల సొమ్ము వచ్చిపడగానే మైదానంలో ఏం జరిగిందో తెలియాలంటే క్లెయిమింగ్ రేసు అంటే ఏమిటో చెప్పుకోవాలి. అమెరికాలో రోజువారీ పందేల్లో చాలా భాగం ఇవే. ఈ పందెంలో దిగే ప్రతి గుర్రానికీ ముందుగా ఒక ధర కట్టి ఉంటుంది. అర్హత ఉన్నవాళ్లెవరైనా పందేనికి ముందే ఆ ధర చెల్లించి ఆ గుర్రాన్ని కొనుక్కోవచ్చు. పందెం ముగిశాక గుర్రం కొన్నవాడిది. బహుమతి వస్తే అది పాత యజమానిది. మామూలుగా ఇందులో ఒక న్యాయం ఉంది. మంచి గుర్రాన్ని తక్కువ ధర పందెంలో దింపి తేలికగా గెలుద్దామనుకుంటే ఎవరో దాన్ని ఎగరేసుకుపోతారు. కనుక గుర్రం విలువకు తగిన పందెంలోనే దింపుతారు.

కానీ ఆ చలికాలం ఆక్విడక్ట్‌లో 7,500 డాలర్ల ధర కట్టిన గుర్రాల పందేనికి బహుమతి దాదాపు 30,000 డాలర్లకు చేరింది. గుర్రం ఖరీదు కంటే ఒక్క పందేనికి పెట్టిన మొత్తం బహుమతి నాలుగు రెట్లు. మన సంతల్లో పశువులను కొని అమ్మినవాళ్లకు దీని అర్థం వేరే చెప్పనక్కర్లేదు. కాలు నొప్పితో ఉన్న గుర్రాన్ని ఇంట్లో ఉంచి మేపితే ఖర్చు. పందెంలో దింపితే గెలవవచ్చు, గెలవకపోయినా ఎవరో కొనుక్కుపోవచ్చు, ఏదీ కాక పడిపోతే పోయేది 7,500. యజమానులందరూ కఠినాత్ములని మేము అనడం లేదు. గుర్రాన్ని బిడ్డలా చూసుకునేవాళ్లు అక్కడ చాలామంది ఉంటారు. అయితే మంచివాడికి నష్టం, తెగించినవాడికి లాభం వచ్చేలా లెక్కలు కుదిరితే, ఆ ఊళ్లో మంచితనం ఎన్నాళ్లు నిలుస్తుంది?

గవర్నరు ఆండ్రూ క్యూమో కోరిక మీద వేసిన కమిటీలో పశువైద్యులు, ఒక మాజీ జాకీ, ఒక న్యాయవాది ఉన్నారు. 2012 సెప్టెంబరు చివర వెలువడిన వాళ్ల నివేదికను ఈ వ్యవహారం మొత్తంలో నిజాయితీగా పనికొచ్చిన కాగితంగా మేము భావిస్తున్నాం. నేల చెడ్డదని, వాతావరణం చెడ్డదని చెప్పి వాళ్లు తప్పుకోలేదు. చనిపోయిన గుర్రాల్లో సగానికి పైగా కాపాడగలిగి ఉండేవని రాశారు. కీళ్లలోకి ఇచ్చే నొప్పి తగ్గించే ఇంజెక్షన్ల గురించి రాశారు. అన్నిటికంటే ముఖ్యంగా, పందెం రోజు ఉదయం గుర్రాన్ని పరీక్షించి ఇది పరిగెత్తడానికి తగదని చెప్పవలసిన పశువైద్యుడు ఎవరి కింద పనిచేస్తున్నాడో చూపించారు. అతడు రేసింగ్ ఆఫీసు నీడలో ఉన్నాడు. ఆ ఆఫీసు పని పందేనికి వీలైనన్ని ఎక్కువ గుర్రాలను చేర్చడం. గుర్రాలు ఎక్కువైతే పందేలు ఎక్కువ కాస్తారు, కోత ఎక్కువ వస్తుంది. వద్దు అనవలసిన మనిషి జీతం, వద్దు అంటే నష్టపోయే ఆఫీసు ప్రభావంలో ఉందన్న మాట.

ఈలోగా మరో సంగతి బయటపడింది. మూడు, అంతకంటే ఎక్కువ గుర్రాలను కలిపి కాసే రకాల పందేల మీద కోతను 2008లో తాత్కాలికంగా 26 శాతానికి పెంచారు. 2010 సెప్టెంబరులో ఆ గడువు ముగిసి, కోత 25 శాతానికి దిగాలి. సంస్థ దించలేదు. 2011 డిసెంబరు దాకా 26 శాతమే తీసుకుంది. గెలిచినవాళ్లకు దక్కవలసిన 80 లక్షల డాలర్లకు పైగా అలా మిగుల్చుకుంది. 2012 మేలో సంస్థ అధ్యక్షుడిని, ముఖ్య న్యాయ సలహాదారుని పదవుల నుంచి తొలగించారు. సంస్థను తిట్టినవాళ్లు చాలామందే గానీ, ఆ 15 నెలలూ ఆ లెక్కలను చూడవలసిన ప్రభుత్వ నియంత్రణ మండలి కన్ను ఎక్కడుందని అడిగినవాళ్లు తక్కువ. నూటికి ఒక్క శాతం అదనపు కోత ఖజానాకు బాధ కలిగించేది కాదు మరి.

2012 అక్టోబరులో కొత్త చట్టం వచ్చింది. 17 మంది సభ్యుల బోర్డులో 8 మందిని గవర్నరు, నలుగురిని శాసనసభ నాయకులు, ఐదుగురిని సంస్థ నియమించాలి. మూడేళ్లలో ఇంటిని చక్కబెట్టి తిరిగి ప్రైవేటు చేతులకు అప్పగిస్తామన్నారు. కార్నెల్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు డేవిడ్ స్కోర్టన్ లాంటి గౌరవనీయుడిని ముందు కూర్చోబెట్టారు. మూడేళ్లు ఐదేళ్లయ్యాయి. 2017లో గానీ అప్పగింత జరగలేదు. పగ్గాలు చేతికి వచ్చాక వదలడం ఎవరికైనా కష్టమే.

ఆ మధ్యకాలంలో ఏం జరిగిందో కూడా చూడాలి. స్కోర్టన్ తరువాత వచ్చిన బోర్డు అధ్యక్షుడు 2015లో పక్కకు తప్పుకోవలసి వచ్చింది. ఆయన నడిపే కంపెనీలో రాష్ట్ర సెనేట్ నాయకుడు డీన్ స్కెలోస్ కుమారుడికి ఉద్యోగం దొరికిన తీరు అవినీతి కేసులో భాగమైంది. స్కెలోస్‌కు మొదట పడిన శిక్షను పైకోర్టు కొట్టివేసినా, 2018 పునర్విచారణలో మళ్లీ దోషిగా తేలాడు. రేసింగ్ బోర్డులో సభ్యులను నియమించే హక్కున్న పదవి ఆయనది! 2019 జనవరిలో సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి రాజీనామా చేశాడు. సంస్థ ఉద్యోగులను సొంత ఇంటి పనులకు వాడుకున్నాడన్న ఆరోపణలు అప్పుడు పత్రికల్లో వచ్చాయి. శుద్ధి చేయడానికి వచ్చిన చేతులు కూడా మట్టి చేతులే.

అయితే అంతా వృథా అనలేం. అలా అనడం సులువు గానీ నిజం కాదు. ఆ సంక్షోభం నుంచి నిలిచే మార్పులు కొన్ని వచ్చాయి. క్లెయిమింగ్ పందెంలో గుర్రం ధర బహుమతి సొమ్ములో సగానికి తగ్గకూడదని నియమం పెట్టారు. ఈ ఒక్క వాక్యంతో ఆక్విడక్ట్ లెక్క తారుమారైంది. ప్రాణం లేని గుర్రాన్ని కొన్నవాడి నెత్తిన రుద్దడానికి వీల్లేకుండా, మైదానంలో గుర్రం చనిపోతే అమ్మకం చెల్లదన్నారు. కీళ్ల ఇంజెక్షన్లకూ పందేనికీ మధ్య ఇన్ని రోజులు ఉండాలని హద్దు గీశారు. గుర్రాల ఆరోగ్యం కోసం రాష్ట్రమే ఒక ముఖ్య పశువైద్యాధికారిని నియమించింది. గవర్నరు ఎవరిని బోర్డులో కూర్చోబెట్టాడన్న దానికంటే ఈ నియమాలే గుర్రాలకు ఎక్కువ మేలు చేశాయని మా అభిప్రాయం. ఎందుకంటే ఇవి మనుషుల మంచితనం మీద ఆధారపడవు. లాభం ఎటు పారుతుందో ఆ కాలువ దారినే కొంచెం మళ్లించాయి, వద్దు అనే అధికారాన్ని వాటా లేని మనిషి దగ్గరికి కొంచెం జరిపాయి.

కొంచెం అనే మాట కావాలనే వాడాం. 2023 ఆగస్టులో సారటోగాలో పెద్ద పందేల రోజుల్లో మేపుల్ లీఫ్ మెల్, న్యూయార్క్ థండర్ అనే రెండు గుర్రాలు అందరికంటే ముందు పరిగెత్తుతూ, గెలుపు గీతకు దగ్గరలో, వేలమంది చూస్తుండగా కూలిపోయాయి. అప్పటికి దేశమంతటికీ ఒకే రకం భద్రతా నియమాలు కావాలని అమెరికా కాంగ్రెస్ 2020లో చేసిన చట్టం కూడా అమలులోకి వచ్చింది. నియమాలు ప్రమాదాన్ని తగ్గిస్తాయి, తీసివేయవు. అదే సంవత్సరం న్యూయార్క్ రాష్ట్ర బడ్జెట్‌లో బెల్‌మాంట్ పార్కును పడగొట్టి కొత్తగా కట్టడానికి 45 కోట్ల 50 లక్షల డాలర్ల అప్పు మంజూరైంది. ఆ అప్పును సంస్థ జూద యంత్రాల వాటాలోంచే తీర్చాలి. అంటే అప్పు తీరేదాకా యంత్రాలు మోగుతూ ఉండడం, మైదానంలో పరుగు సాగుతూ ఉండడం ఇప్పుడు అప్పిచ్చిన ప్రభుత్వానికి కూడా అవసరం.

ఇది అమెరికావాళ్ల గొడవ అని పక్కన పెట్టేముందు మన దగ్గరి చరిత్ర ఒకసారి చూద్దాం. మద్రాసు గిండీ రేస్ కోర్సు తెలియని పాతతరం తెలుగువారు అరుదు. 1974లో తమిళనాడు ప్రభుత్వం గుర్రపు పందేలను జూదంగా ఎంచి రద్దుచేస్తూ చట్టం చేసింది. కోర్టులో వ్యవహారం నలుగుతుండగానే 1986లో, మద్రాస్ రేస్ క్లబ్ నిర్వహణ బాగాలేదని చెప్పి క్లబ్‌ను స్వాధీనం చేసుకునే మరో చట్టం తెచ్చింది. పన్నెండేళ్ల క్రితం పాపమని రద్దుచేసిన పనిని ఇప్పుడు తానే నడుపుతానన్నది! 1996 జనవరిలో సుప్రీంకోర్టు ఆ స్వాధీన చట్టాన్ని కొట్టివేసింది. గుర్రపు పందెం ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని కూడా తీర్పు చెప్పింది. దానికి ఆధారాల్లో ఒకటి సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్‌లో రమ్మీ ఆట గురించి 1968లో వచ్చిన తీర్పు. మలక్‌పేటలో పందేలు ఈనాటికీ చట్టబద్ధంగా జరగడానికీ, ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు మన పిల్లల ఫోన్లలోకి దూరి ఇన్నేళ్లు వాదించుకోగలగడానికీ ఈ తీర్పుల వరుసే బలం. ఆన్‌లైన్ డబ్బు ఆటలను 2025లో పార్లమెంటు నిషేధించింది. గుర్రపు పందెం మీద మాత్రం జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. నిషేధించిన దానిలో వాటా పోతుంది, పన్ను వేసిన దానిలో వాటా పెరుగుతుంది. మద్యం విషయంలో ఇదే కథను ఆంధ్ర ప్రజలు 1995లో నిషేధంతోనూ, రెండేళ్లకే సడలింపుతోనూ చూశారు. ఆదాయం లేదు, ఏం చేయమంటారు అన్నదే అప్పటి జవాబు.

సంఘాల మాట ఎత్తకుండా ముగిస్తే మేము పక్షపాతం చూపినట్టే. మన మిషను ఆస్తుల గొడవలు, కోర్టు నియమించిన నిర్వాహకులు, పాత కమిటీ పోయి కొత్త కమిటీ రావడం, కొత్తదాని మీద మళ్లీ కేసు... ఇవన్నీ మన పాఠకులకు తెలుసు. కమిటీ మారినప్పుడల్లా ఇక అంతా బాగవుతుందని మనమూ సంతోషిస్తాం. దుకాణాల అద్దె ఎంతో, అది ఎవరి చేతికి వెళుతోందో చూసి ఇది సరికాదు అనవలసిన లెక్కల తనిఖీదారుని ఎవరు నియమిస్తున్నారు, అతడి ఫీజు ఎవరు నిర్ణయిస్తున్నారు అని సర్వసభ్య సమావేశంలో లేచి అడిగేవాళ్లు ఎంతమంది? అడిగినవాడిని ఐక్యత చెడగొట్టేవాడిగా చూడడం మాకు కూడా తెలిసిన అలవాటే. సెమినరీలో చదువుకునే రోజుల్లో సంఘ పరిపాలన అన్నది మాకు చాలా చప్పటి పాఠంగా తోచింది. ముప్పై ఏళ్ల పరిచర్య తరువాత ఆ నోట్సు పారేసినందుకు విచారిస్తున్నాం.

కొత్త బెల్‌మాంట్‌ను 2026లో తెరవాలన్నది అక్కడివారి లక్ష్యం. ఆ తరువాత ఆక్విడక్ట్‌లో పందేలు ఆగిపోతాయి, యంత్రాలు ఉంటాయి. కట్టడం నడిచినంతకాలం బెల్‌మాంట్ స్టేక్స్ పందెం సారటోగాకు మారింది. తెరిచే రోజున గవర్నరు రిబ్బను కత్తిరిస్తారు, ఫొటోలు మన పత్రికల్లోనూ వస్తాయి. ఆ ఉదయమే, జనం రాకముందు, ఒక పశువైద్యుడు గుర్రపుశాలల వరుసలో ఒక్కో గుర్రం దగ్గర ఆగి, వంగి, ముందుకాళ్లు చేత్తో తడిమి, పది అడుగులు నడిపించి చూస్తాడు. ఆ రోజు పందెం జాబితాలోంచి ఒక పేరు కొట్టేయాలని అతనికి అనిపిస్తే, ఆ మాట ఎవరికి చెప్పాలి, విన్నవాడికి అందులో వాటా ఉందా లేదా అన్నదే మేము ఆ వార్తలో వెతుకుతాం.